రెప్ప కనపడే దూరం

మా చెల్లెలి మనవరాలు విలువిద్య నేర్చుకుంటోంది. తిరుపతిలో మా వీధికి కాస్త అవతల ఒక కాలేజీ మైదానంలో పొద్దున్నే పిల్లలకు నేర్పిస్తారు. ఒకరోజు నన్ను కూడా రమ్మని పట్టుబట్టి ఆటోలో తీసుకుపోయి, కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఆ పిల్ల చేతిలోని విల్లుకు గిలకలు, తీగలు, గురి చూడ్డానికి ఒక చిన్న అద్దం ఉన్నాయి. నేను చిన్నప్పుడు చూసిన విల్లుకూ దానికీ చుట్టరికమే లేదు. రంగు వలయాలు అతికించిన అట్ట మైదానం ఆ చివర ఎక్కడో ఉంది. నా కళ్లకది బొట్టుబిళ్లంత కనపడింది. పిల్ల ఊపిరి బిగబట్టి వదిలింది. బాణం పోయి పసుపు రంగులో నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. తిరిగి వస్తుంటే దారిలో అడిగింది, మీ తాత కూడా విల్లు పట్టేవాడంట కదా అవ్వా, ఆయన ఎంత దూరం కొట్టేవాడు అని.

మా తాత జీవితమంతా ఆ దూరాన్ని తగ్గించుకోవడానికి పాటుపడిన మనిషి. ఆ మాట ఆ పిల్లకు అర్థం కావాలంటే ఐరాల పక్క కొండ కింద మా ఊరి సంగతి చెప్పాలి. యుద్ధం నాటి ఒక చెరుకు తోట సంగతి, ఎస్తేరమ్మ సంగతి చెప్పాలి. ఆటోలో చెప్పే మాటలు కావవి. చాలా పెద్ద దూరమే కొట్టేవాడులే అని అప్పటికి దాటవేశాను. ఇంటికి వచ్చి కూర్చున్నాక ఆ అబద్ధం నన్ను స్థిమితంగా ఉండనివ్వలేదు.

మా ఇంట్లో విల్లు వంటింట్లో ఉండేది. పొయ్యికి పైన గోడకు రెండు కొయ్యలు కొట్టి వాటి మీద అడ్డంగా పెట్టేవారు. రోజూ పొగ తగిలితే వెదురుకు పురుగు పట్టదని తాత నమ్మకం. అవ్వకది ఎప్పుడూ కంటగింపే. సంగటి కెలికేటప్పుడు తెడ్డు పైకి లేస్తే విల్లుకు తగులుతుందని, ఆ మసి రాలి కుండలో పడుతుందని గొణుగుతూనే ఉండేది; కానీ పండక్కి ఇల్లు అలికినప్పుడు ఆ కొయ్యలకు కూడా ముగ్గుపిండితో బొట్టు పెట్టేది. తెల్లవారి పొయ్యి ముట్టించకముందే తాత లోపలికి వచ్చి, విల్లు దించి, అరచేతిలో కాస్త ఆముదం వేసుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమిరేవాడు. ముదురు వెదురు బొంగును చీల్చి తన చేతులతో చెక్కుకున్నది అది. అల్లెతాడు కిత్తనారతో పేనింది. దానికి తేనెమైనం రుద్దేవాడు. పొగ, ఆముదం, మైనం కలిసిన ఆ వాసనే మా తాత వాసన. నన్ను ఎత్తుకున్నప్పుడు ఆయన మెడ దగ్గరా అదే వాసన వచ్చేది. బాణాలకు వెనక నెమలీకలు, ముందు ఇనప ములుకులు. ములుకులు ఊరి కమ్మరి సాగగొట్టి ఇచ్చినా, పదును మాత్రం తాతే పెట్టుకునేవాడు. అవ్వ ఒక పక్క ఊరుబిండి పచ్చడి నూరుతుంటే, ఇంకో పక్క తాత సానరాయి మీద ములుకు రాస్తుంటే, ఆ రెండు చప్పుళ్ల మధ్య నాకు మెలకువ వచ్చేది.

ఇంట్లో ఒక నాటు తుపాకి కూడా ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినాక దానికి మందు దొరకలేదు. కిరసనాయిలుకే కటకటగా ఉన్న రోజులు. తుపాకి మూల చేరింది. అడివిపందులకు మాత్రం యుద్ధం లేదు. కొండ దిగి వచ్చి చెనక్కాయ చేలు కుళ్లగించేవి, చెరుకు విరిచి నమిలి పారేసేవి. అంతవరకు తాత విల్లును చూసి పాతకాలపు పిచ్చి అని నవ్విన ఊరివాళ్లు, ఇప్పుడు ఆయన దగ్గరికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. కానీ తాత అప్పటికి విల్లు లాగలేడు. చింతచెట్టు మీంచి పడి కుడి భుజం దెబ్బతిన్నది. చెయ్యి చెవి దాకా వచ్చేది కాదు. అందుకని మా చిన్నాయన మునిరత్నానికి నేర్పించాడు.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. పెళ్లయి ఏడాది తిరగలేదు. ఇంటిల్లిపాదిలో గట్టిగా నవ్వే మనిషి ఆయనొక్కడే. నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని చేను చుట్టూ పరిగెత్తేవాడు. తాత చెక్కిన విల్లు ఆయన చేతిలో చెరుకుగడలా వంగేది. ఎక్కడో ఉన్న తాటికాయను కొట్టి పడగొట్టి, వెనక్కి తిరిగి మా పిల్లల వైపు చూసేవాడు. మేం గంతులేసేవాళ్లం. తాత నవ్వేవాడు కాదు.

తాతకు ఒక్కటే నియమం. జంతువు రెప్ప ఆర్పడం కంటికి కనపడాలి. అంత దగ్గరికి పోగలిగితేనే బాణం తీయాలి. మరీ ఆనుకుని కొట్టినా లాభం లేదనేవాడు. అల్లె విడిచిన బాణం మొదట కాసేపు తోక ఊపుకుంటూ పోతుందట, అది సర్దుకున్నాకే దాని బరువంతా ములుకు వెనక నిలుస్తుందట. దూరం పెరిగేకొద్దీ ఆ బరువు గాల్లో ఖర్చయిపోతుంది. పైగా అల్లె చప్పుడు బాణం కంటే ముందు పోతుంది, చెవి ఉన్న జంతువు ఆ లోపలే పక్కకు తిరుగుతుంది. ఎముక పక్కన దిగాల్సింది ఎముక మీద పడుతుంది. ఇవన్నీ తాత ఒకేసారి కూర్చుని చెప్పినవి కావు. సంగటి ముద్ద చేసుకుంటూ ఒకటి, ఎద్దుకు నీళ్లు పెడుతూ ఒకటి చెప్పేవాడు.

ఒకసారి మాత్రం కళ్లంలో అందరి ముందూ చూపించాడు. అరటి బోదెను పాతి, దానికి ఎండిన పంది తోలు చుట్టాడు. మగపందికి భుజం మీద తోలు కింద చెట్టు బెరడులాంటి గట్టి పెడ ఉంటుంది. ఆ భాగమే చూసి చుట్టాడు. చిన్నాయనను కళ్లం ఆ చివర నిలబెట్టి కొట్టమన్నాడు. బాణం సరిగ్గా తగిలి నిలబడింది. తర్వాత దగ్గరికి పిలిచి ఇంకొకటి కొట్టమన్నాడు. ఆ పైన యాకోబును పిలిచి రెండూ పీకమన్నాడు. మొదటిది యాకోబు రెండు వేళ్లతో లాగితే వచ్చేసింది. రెండోది కాలు ఆనించి లాగినా రాలేదు, బోదెను చీల్చి తీయాల్సి వచ్చింది.

"అది తగిలింది," అన్నాడు తాత. "ఇది దిగింది. తగిలిన జంతువు సావదు, బతకదు. అట్టాంటిదాన్ని అడివిలో ఇడిసిపెట్టేదానికి మనకేం హక్కు ఉండాదిరా?"

యాకోబు ఎవరో చెప్పాలి. మా చేలల్లో పనిచేసే మనిషి, తాతకు వేటలో జాడ పట్టే తోడు. ఎస్తేరమ్మ ఆయన భార్య. వాళ్ల బిడ్డ రూతు నా ఈడుదే. వాగు అవతలి పల్లెలో ఉండేవారు, అక్కడందరూ కిరస్తానీలు. వాళ్లు మా ఇంటికి పనికొస్తే వాకిట్లో నిలబడేవారు. గడప దాటి లోపలికి వచ్చేవారు కాదు, మావాళ్లు రమ్మనేవారూ కాదు. ఇదేమిటని అడగాలని అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. కానీ చేలో ఆ గీత ఉండేది కాదు. ఎస్తేరమ్మ నన్ను చంకన వేసుకుని కలుపు తీసేది. ఆమె చెవులకు కమ్మలుండేవి కావు, వేపపుల్లలు ఉండేవి. నేను వాటిని లాగితే చెవి పట్టుకుని నవ్వేది. రూతూ నేనూ గట్టు మీద కూర్చుని చెరుకు నమిలేవాళ్లం. ఎవరి పిప్పి తెల్లగా ఉందో చూసుకునేవాళ్లం.

ఆ ఏడు చెరుకు బాగా వచ్చింది. ఇంకొన్నాళ్లలో గానుగ ఆడాలి. పందులు రోజూ దిగుతున్నాయి. ఒక సాయంత్రం పొద్దు గూకే వేళకు మగవాళ్లందరూ గట్టు మీద కాపుకూర్చున్నారు. తాత ఇంట్లోనే ఉన్నాడు. తోట ఆ కొసకు, కొండకు మధ్య కాస్త బయలు ఉంది. ఆ బయల్లోకి ఒంటరి మగపంది ఒకటి వచ్చి అడ్డంగా నడిచిపోతోంది. దగ్గరికి పోయే వ్యవధి లేదు. కొట్టు మునిరత్నం అని ఎవరో అన్నారు, అంత దూరం ఎవరు కొడతారులే అని ఇంకెవరో అన్నారు. చిన్నాయన లేచి నిలబడి, విల్లు పూర్తిగా లాగి వదిలాడు. నేను నాయన పక్కనే ఉన్నాను. బాణం అంతసేపు గాల్లో ఉండడం నేనెప్పుడూ చూడలేదు. పోయి పంది భుజంలో నిలబడింది. పంది ఒక్క అరుపు అరిచి, వెనక్కి తిరిగి కొండెక్కిపోయింది. దాని భుజం మీద నెమలీక ఊగుతూ పోవడం అందరికీ కనపడింది.

ఊరంతా చిన్నాయనను మోసుకొచ్చినంత పని చేశారు. అంత దూరం తగలడం ఎవరూ చూసినవాళ్లు లేరు. తాత వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. అందరూ చెప్పింది విన్నాడు.

"యాడ దాకా దిగింది?" అని అడిగాడు.

"తగిలింది నాయనా. అందురూ సూసినారు," అన్నాడు చిన్నాయన.

"తగిలింది సరే. యాడ దాకా దిగింది?"

వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. తాత ఆ పూట అన్నం ముట్టలేదు. విల్లును కొయ్యల మీద పెట్టడానికి చిన్నాయన వంటింట్లోకి వస్తే, అవ్వ పక్కకు జరిగి దారి ఇచ్చింది. మామూలుగా అయితే ఏదో ఒకటి గొణిగేది.

మర్నాడు యాకోబు, చిన్నాయన జాడ పట్టుకుని పోయారు. బయల్లో నెత్తురు బొట్లు చాలా పలచగా ఉన్నాయట. లోతుగా దిగి ఉంటే నురగ కలిసిన నెత్తురు పడుతుంది, ఇది తోలు చిట్లి కారిన నెత్తురు అని యాకోబు చెప్పాడట. బండల మీదికి పోయాక ఆ జాడ కూడా లేదు. చాలా రోజులు వెతికారు. చిన్నాయన కాళ్లు ముళ్లతో చీరుకుపోయాయి. తర్వాత గానుగ మొదలైంది, మనుషులు చాలక ఇద్దరూ ఆ పనిలో పడిపోయారు. పగలంతా బెల్లం ఉడికే వాసన ఊరిని కప్పేసేది. పిల్లలకది పండగే. నాకు మాత్రం ఆ ఏటి బెల్లం వాసన ఇంకో రకంగా గుర్తుండిపోయింది. ఇప్పటికీ కమ్మటి పాకం వాసన తగిలితే అక్కడి నుంచి బయటికి వచ్చేస్తాను.

ఎందుకంటే ఆ పంది వార్తలు వస్తూనే ఉన్నాయి. గొర్రెలు కాసేవాళ్లు వాగు మడుగు దగ్గర చూశారట, బాణం అట్లాగే నిలబడి ఉందట. కట్టెలకు పోయిన ఆడవాళ్లు బండల సందున విన్నారట, మూలుగుతూ ఉందట. ఇంకొన్నాళ్లకు బాణం విరిగి మొద్దు మాత్రమే మిగిలిందని చెప్పారు. అది పరిగెత్తే జంతువు కాదు ఇప్పుడు, మనిషిని చూసి తిరగబడుతోందని చెప్పారు. ప్రతి వార్తా మా వాకిట్లోకే వచ్చేది. తాత వినేవాడు. చిన్నాయన వినేవాడు. సాయంత్రం తాత కొండ వైపు తిరిగి కూర్చుని, ఎవరితోనో అన్నట్టు, "నొస్తా ఉంటాది దానికి," అనేవాడు. అంతకన్నా ఇంకేమీ అనేవాడు కాదు. ఆ మాట వినలేక చిన్నాయన ఎద్దుల కొట్టంలోకి పోయి కూర్చునేవాడు. నవ్వు ఆగిపోయింది. చెరుకు ఆకు గాలికి రాసుకున్నా నేను అవ్వ కొంగు పట్టుకునేదాన్ని. కంటికి కనపడకుండా మా చుట్టూ ఒక నొప్పి తిరుగుతూ ఉందని ఆ వయసులోనే నాకు తెలిసింది.

తోటలో ఇంకా కొట్టని చెరుకు ఒక మూల మిగిలి ఉండింది. ఒక ఉదయం ఎస్తేరమ్మ ఎద్దుల మేతకు చెరుకు ఆకు కోస్తోంది. యాకోబు ఇంకో సాలులో ఉన్నాడు. రూతూ నేనూ గట్టు మీద ఉన్నాం. ఎస్తేరమ్మ ఏదో పాట సన్నగా పాడుకుంటోంది. ముందు నాకు వాసన వచ్చింది, కుళ్లిన వాసన. తర్వాత చెరుకు గడలు రెండు పక్కలకు విడిపోయాయి. పంది బయటికి వచ్చింది. భుజం కుండలా ఉబ్బి ఉంది. దాని మధ్యన విరిగిన పుల్ల, చుట్టూ ఈగలు. ఒక కాలు ఈడుస్తోంది. అది పారిపోతుందనుకున్నాను. ఎస్తేరమ్మ వైపు తిరిగింది.

యాకోబు కొడవలి విసిరి కేకలు వేస్తూ వచ్చేసరికి ఆమె కింద పడి ఉంది. పంది మళ్లీ చెరుకులోకి దూరిపోయింది. తొడ దగ్గర కోర దిగబడి చీరింది. ఆమె ఏడవలేదు. రూతు వైపు చెయ్యి చూపి, దాన్ని ఈ పక్కకు రానీయొద్దని నాతో చెప్పింది. నేను రూతును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. యాకోబు తన పంచె చింపి గట్టిగా కట్టాడు. చిన్నాయన ఎక్కడి నుంచి వచ్చాడో తెలియదు, ఆమెను చేతుల మీద ఎత్తి బండిలో పడుకోబెట్టాడు. వాకిలి, గడప అనే ఆలోచన ఆ వేళ ఎవరికీ రాలేదు.

చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి. బండిలో పూతలపట్టు దాకా పోయి, అక్కడ బస్సు పట్టుకోవాలి. యుద్ధంలో పెట్రోలు దొరక్క ఆ రోజుల్లో బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనక ఉన్న పెద్ద డబ్బాలో బొగ్గు రాజేసి, చక్రం తిప్పి గాలి ఊది, అది బాగా అంటుకున్నాక గాని బస్సు కదలదు. యాకోబు, చిన్నాయన, తల్లిని వదలని రూతు, వాళ్లతో మా నాయన కూడా వెళ్లాడు. తర్వాత ఆయన చెప్పింది ఇది. బస్సు నిలబడి ఉంది. మనిషి పరిస్థితి చూసి అందరూ దిగి చోటిచ్చారు. కుర్రాడు చక్రం తిప్పుతూనే ఉన్నాడు. బొగ్గు తడిసి ఉందో ఏమో, పొగ తప్ప మంట రాలేదు. చిన్నాయన ఆ చక్రం లాక్కుని తానే తిప్పడం మొదలుపెట్టాడు. ఎస్తేరమ్మ నీళ్లడిగింది. రూతు తాగించింది. బొగ్గు అంటుకునేసరికి ఆమె లేదు. చిన్నాయనకు ఆ సంగతి చెప్పినా చక్రం తిప్పడం ఆపలేదట. ఇద్దరు మనుషులు పట్టుకుని ఆపాల్సి వచ్చిందట.

సమాధి చేసిన మర్నాడు పొద్దున యాకోబు మా వాకిట్లోకి వచ్చాడు. ఊరివాళ్లు కొందరు గోడ అవతల నిలబడ్డారు, ఏం జరుగుతుందోనని. తాత మంచం దిగి, వాకిట్లో నేల మీద యాకోబుకు ఎదురుగా కూర్చున్నాడు. ఆయన నేల మీద కూర్చోవడం చూసి అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెద్దాయనా, అది ఇంకా తిరగతా ఉండాది," అన్నాడు యాకోబు. "నా ఇంటిది పోయింది. అది గూడా ఇట్ట నొస్తా నొస్తా ఎన్ని దినాలు తిరగాల? చిన్నయ్యను నాతో పంపీయండి. ఈ పొద్దు దాన్ని ముగించేద్దాం."

తిడతాడని, శాపం పెడతాడని ఎదురుచూసిన వాళ్లందరికీ ఆ మాటతో తల వంగిపోయింది. తాత లేచి లోపలికి వచ్చి, తానే కొయ్యల మీంచి విల్లు దించాడు. దెబ్బతిన్న చేతిని పైకెత్తడానికి ఎంత నొప్పి పడ్డాడో నేను చూశాను. చిన్నాయన చేతిలో పెట్టి చెప్పాడు.

"రెప్ప కనపడే దాకా పో. కనపడకుంటే తిరిగి రాబాక."

పొద్దు వాలకముందే తిరిగి వచ్చారు. పల్లె మనుషులు ఇద్దరు వాసానికి కట్టి పందిని మోసుకొచ్చారు. ముందుకాలి వెనక, ఎముకల సందున, బాణం ఈకల దాకా దిగి ఉంది. చూడ్డానికి ఊరంతా వచ్చింది. ఎంత దగ్గరికి పోయి ఉంటే ఇంతగా దిగుతుంది అని ఒకరికొకరు చెప్పుకున్నారు. తాత వంగి ఈకను వేలితో తాకి చూసి, తల ఊపాడు. తర్వాత కత్తి తెప్పించి, పాత ములుకును చిన్నాయననే తీయమన్నాడు. అంత ఉబ్బును కోసి చూస్తే ములుకు బొటనవేలి మందం కూడా లోపలికి పోలేదు. పెడలో ఇరుక్కుని ఉంది. చుట్టూ అంతా చీము. చిన్నాయన దాన్ని తీసి నేల మీద పెట్టి, వాంతి చేసుకున్నాడు. ఆ మాంసం ఎవరూ ముట్టలేదు. గొయ్యి తీసి పూడ్చేశారు. అవ్వ విల్లును పసుపునీళ్లతో కడిగి మళ్లీ పొయ్యి పైన పెట్టింది.

ఆ తర్వాత చిన్నాయన విల్లు ముట్టుకోలేదు. తాత పోయేదాకా పొద్దున్నే దానికి ఆముదం రాస్తూనే ఉన్నాడు గాని, ఎవరినీ నేర్చుకోమనలేదు. తోటలో మళ్లీ చెరుకు వేయలేదు. ఊళ్లో మాత్రం చిన్నాయన పేరు నిలిచిపోయింది. మొదటి బాణం గురించి ఎవరూ ఎత్తేవారు కాదు. రెండో బాణం గురించే చెప్పేవారు. పెళ్లిళ్లలో, పంచాయతీల్లో, కొత్తగా వచ్చిన అల్లుళ్లకు చూపించి, గాయపడ్డ పంది ముందుకు ఎదురుపోయి ఈకల దాకా దించిన మనిషి ఈయనే అనేవారు. ఆ మాట మొదలైతే చాలు, చిన్నాయన లేచి వెళ్లిపోయేవాడు. విస్తరి ముందు నుంచి కూడా లేచిపోవడం చూశాను. ఎంత అణకువో చూడు అనేవారు. యాకోబు మా చేలల్లోనే పనిచేశాడు. ఒకే చేలో ఒకే కాడి వెనక ఇద్దరూ ఏళ్ల తరబడి నడిచారు. పనికి కావాల్సిన మాటలు తప్ప ఇంకొక మాట వాళ్ల మధ్య నేను వినలేదు. యాకోబు మనసులో ఆ పగ ఇంకా ఉందనుకున్నాం. ఉండడంలో వింత ఏముందనీ అనుకున్నాం. రూతును చిత్తూరులో మిషను హాస్టలుకు పంపారు. పోయే రోజు నేను వాగు దాకా పోయాను. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

తర్వాత నా పెళ్లి, పిల్లలు, తిరుపతి కాపురం. చిన్నాయన ముసలివాడై పోయాడు. చావు రోజున కూడా ఎవరో ఆ రెండో బాణం సంగతి ఎత్తారు. ఈసారి లేచిపోవడానికి ఆయనకు వీల్లేకపోయింది.

అటు తర్వాత కొన్నేళ్లకు తిరుపతి రైతుబజారులో, చిక్కుడుకాయలు ఏరుకుంటున్న ఒక ముసలామె నన్ను పేరు పెట్టి పిలిచింది. రూతు. నర్సుగా పనిచేసి రిటైరై ఇక్కడే కొడుకు దగ్గర ఉంటోంది. ఇంటికి రమ్మన్నాను. వచ్చింది. వంటింట్లోనే కూర్చున్నాం. నేను చిక్కుళ్లు ఒలుస్తున్నాను, ఆమె కూడా ఒలిచింది. చాలాసేపు బీపీల గురించి, మోకాళ్ల గురించి మాట్లాడుకున్నాం. మాటల్లో చిన్నాయన పోయాడని చెప్పాను. ఆమె చేతులు ఆగాయి. మా నాయనా ఆయనా ఇద్దరూ పోయినారు కాబట్టి ఇంక చెప్పొచ్చు అక్కా అంది.

వాళ్ల నాయన చివరి జబ్బులో ఆమెకు చెప్పాడట. ఆ రోజు పంది కొండ మీద ముళ్లపొదలో పడి ఉంది, లేవలేక. ఇద్దరూ పాకుకుంటూ దగ్గరికి పోయారు. చిన్నాయన బాణం సంధించి అల్లె లాగాడు. పంది కన్ను తెరిచి చూసింది, రెప్ప ఆర్పింది. ఆయన చెయ్యి వణకడం మొదలుపెట్టింది. మళ్లీ లాగాడు. మళ్లీ వణికింది. విల్లు కింద పెట్టేసి ముఖం కప్పుకున్నాడు.

"మా నాయనే తీసుకుని కొట్టినాడు," అంది రూతు. "చిన్నప్పుడు విల్లుతో పిట్టలను కొట్టిన చెయ్యే గదా. ఒకే బాణం. అది ఊపిరి ఇడిసినాక దాని తల మీద చెయ్యి పెట్టి ఏడ్చినాడంట. మీ చిన్నాయన కాళ్ల మీద పడబోతే లేపి, నువ్వే కొట్టినావని చెప్పు చిన్నయ్యా అన్న్యాడంట."

ఎందుకలా చెప్పమన్నాడని అడిగాను.

"ఆ విల్లు మీ వంటింట్లోది గదా అక్కా. మా నాయన దాన్ని పట్టుకున్న్యాడని తెలిస్తే మళ్లా లోపల పెట్టుకుందురా మీవోళ్లు?" ఆమె గొంతులో కోపం లేదు. తెలిసిన సంగతి చెబుతున్నట్టుగా ఉంది. ఇంకో చిక్కుడుకాయ తీసుకుని అంది. "అదొకటే గాదులే. ఆ మనిసికి అదన్నా మిగలనీ అనుకున్న్యానమ్మా, అన్న్యాడు."

ఆమె వెళ్లిపోయాక చాలాసేపు పొయ్యి వెలిగించలేకపోయాను. విస్తరి ముందు నుంచి లేచిపోయే చిన్నాయన కళ్ల ముందు ఆడాడు. అణకువ అనుకున్నాం. ఒకే కాడి వెనక మాటల్లేకుండా నడిచే ఇద్దరు మనుషులు కనపడ్డారు. పగ అనుకున్నాం. చిన్నాయన నిజం చెప్పాలని ఎప్పుడైనా నోరు తెరిచాడో, యాకోబే వద్దన్నాడో, ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. యాకోబు పట్టిన ఆ విల్లు మసి మేం తినే సంగటి మీద రాలుతుంటే, ఆయన మాత్రం వాకిట్లో నిలబడి పనికి పిలుపు కోసం చూస్తూ ఉండేవాడు. అది మా అవ్వ తప్పు, మా తాత తప్పు అని విడదీసి చెప్పలేను. మంచివాళ్లే. అందుకే నాకది ఇంకా భయం కలిగిస్తుంది.

మొన్న ఊరికి పోయాను. చెరుకు తోట ఉన్న చోట మామిడి తోపు వేశారు. పందులు ఇప్పటికీ దిగుతాయట. ఇప్పుడెవరూ దగ్గరికి పోరు, దూరం నుంచి కూడా చూడరు. కరెంటు తీగ కట్టి పడుకుంటారు. పొద్దున పోయి ఏది పడిందో చూసుకుంటారు. అప్పుడప్పుడు మనుషులూ పడతారట. తోపు దగ్గర కూర్చున్న కుర్రవాళ్లు నేనెవరి ఇంటిదాన్నో తెలుసుకుని, పందికి ఎదురుపోయి కొట్టిన మునిరత్నం మీ చిన్నాయనే కదా అని గౌరవంగా లేచి నిలబడ్డారు. వాళ్లను కూర్చోమన్నాను. కాదని చెప్పాను. ఆ పందిని కొట్టింది ఎస్తేరమ్మ పెనిమిటి. ఆయన పేరు యాకోబు.